చింతచెట్టు పైన ఎండుకొమ్మ

ప్రొద్దుటూరులో జమ్మలమడుగు బస్సు ఎక్కగానే మా పాప సంచి విప్పి, కొత్త ఊయలను పక్క సీట్లోని పెద్దాయనకు చూపించింది. గండికోట దగ్గర చెట్లకు దాన్ని కట్టుకుని పడుకోబోతున్నామని చెప్పింది.

"యాడ కడతారప్పా?" అని ఆయన నన్ను అడిగాడు.

"వంక ఒడ్డున రెండు చింతచెట్లుండాయి మామా. శానా లావైనవి."

"వంక దగ్గర వద్దప్పా. పైన యాడో వాన పడితే ఈడికి నీళ్లొస్తాయి. చెట్టు లావు చూసినావు సరే, పైన ఎండుకొమ్మలుండాయేమో చూసినావా?"

చూడలేదన్నాను. ఆయన నా వైపు తిరిగి చెప్పాడు.

"మా తమ్ముడూ చూడలే. చేన్లో చెట్టు కింద మంచమేసుకుని పండుకున్నాడు. ఆ పొద్దు గాలి కూడా లేదు. కొమ్మ ఇరిగి మీద పడింది. మళ్లా లేయలే."

తర్వాత పాప గడ్డం పట్టుకుని మెల్లగా ముఖం పైకెత్తాడు. "చెట్టు కిందికి పోతానే ఇట్ల చూడాలమ్మా," అన్నాడు. దారిలో ఏదో ఊళ్లో దిగిపోయాడు. పేరైనా అడగలేదు.

సాయంత్రం వెళ్లి చూస్తే, ఒక చింతచెట్టు పైన నా తొడంత లావు ఎండుకొమ్మ ఉంది. అంతకుముందు రెండుసార్లు దాని కిందే కూర్చుని అన్నం తిన్నాను. మేం మెరకకు వెళ్లి, రెండు పచ్చటి వేపచెట్లకు ఊయల కట్టుకున్నాం.

ఇప్పటికీ అటు వెళ్లినప్పుడు, అలాంటి చెట్ల కింద ఎవరైనా పడక వేస్తుంటే ఆగి చెబుతాను. కొందరు నవ్వుతారు. అప్పుడు మా తమ్ముడికి ఏం జరిగిందో చెబుతాను. వెంటనే లేచి పక్కకు జరుగుతారు.

నిజానికి నాకు తమ్ముళ్లు లేరు.