ముందు అవి పీల్చుకోవాలి

టేకుమట్లలో నేను అద్దెకున్న ఇంటి అవ్వ మాట మధ్యలో ఆగిపోయి ఊపిరి బిగబట్టేది. లోపలి గదిలో గోనెపట్టా కప్పిన గోలెంలో రెండు కొర్రమట్టలుండేవి. ఆ చేపలు ఎన్ని నీళ్ళున్నా పైకొచ్చి గాలి మింగాల్సిందే. ‘గుబుక్’మని ఆ చప్పుడు రెండుసార్లు వినబడ్డాకే అవ్వ గాలి పీల్చుకుని, ఆపిన మాట అందుకునేది.

“చలికాలం కుంటల ఉంటే వీటికి పుండ్లు లేస్తయి బిడ్డా. గందుకే ఇంట్లకు తెచ్చిన,” అంది ఒకరోజు.

“మరి నువ్వెందుకు ఊపిరి ఆపుతవ్ అవ్వా?”

“ఇంటికొచ్చిన సుట్టం తినకముందు మనం తింటమా? గాలైనా గంతే.”

నవ్వబోయాను. ఆమె ముఖంలో నవ్వు లేదు.

శివరాత్రి దాటాక చేపల్ని తిరిగి కుంటలో వదిలి, గోలెం కడిగి బోర్లించాం. మర్నాడు పొద్దున చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, కూతురి సంగతేదో చెబుతూ అవ్వ ఆగింది.

“చేపలు కుంటలున్నయి గదా అవ్వా,” అన్నాను.

వినలేదు. చూపు లోపలి గది వైపే ఉంది. పెదాలు నల్లబడుతున్నాయి. భుజం పట్టి కుదిపినా నోరు తెరవలేదు. ఏం చేయాలో తోచక గోడ వైపు తిరిగి, నేనే నోటితో ‘గుబుక్’మన్నాను. కాసేపాగి మళ్ళీ అన్నాను.

నా వెనక అవ్వ గట్టిగా గాలి పీల్చుకుంది.

“ఇయ్యాల జర ఆలస్యం చేసినయి,” అంటూ ఇంకో చిక్కుడుకాయ అందుకుంది.

ఎండాకాలం దాకా ఆ చప్పుడు నేనే చేశాను. బదిలీ అయి వెళ్ళేటప్పుడు ఆ పని ఎవరికి అప్పజెప్పాలో తెలియలేదు.