ఈ చాప మీద ముందు ఎవరు పడుకునేవారు

కరోనా తగ్గుముఖం పట్టిన మరుసటి ఏడాది, వానలకు కొంచెం ముందు, సూరత్‌లోని ఒక ఆరోగ్య పరిశోధన సంస్థ నన్ను పర్వత్ పాటియా వైపు బస్తీల సర్వేకు వేసింది. నా హోదా ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్. వినడానికి పోలీసు ఉద్యోగంలా ఉంటుంది గానీ, పని మాత్రం తలుపులు కొట్టి జబ్బుల గురించి అడగడం, నిద్ర చెడగొట్టినందుకు తిట్లు తినడం. ఏడో తరగతిలో బడి మానేసిన నేను సగం వయసు సాంచాల మీదే, అంటే మరమగ్గాల మీదే, గడిపాను. ఆ మోతకు చెవులు కొంత మందగించాక, తెలుగు, హిందీ, గుజరాతీ మూడూ వచ్చునని ఈ సంస్థవాళ్ళు తీసుకున్నారు. సరిగ్గా వినపడనివాడికి వినే ఉద్యోగం దొరికిందని మావాళ్ళు చాలా కాలం నవ్వారు. నేనూ నవ్వాను. జీతం మాత్రం తీసుకున్నాను.

సర్వే ఉద్దేశం మంచిదే. నగరంలో ఎవరికి వైద్యం అందుతోంది, ఎవరికి అందడం లేదు, మధ్యలో అడ్డం ఏమిటి అన్నది తేల్చాలి. ఆల్థాన్‌లోని అపార్ట్‌మెంట్లు, పాండేసరలో అద్దకం మిల్లుల పక్క కూలీల వరుస గదుల చాళ్ళు, మా మగ్గాల బస్తీ, మూడింటినీ ఒకే కొలతతో కొలవాలి. ఈసారి ఫలితం కాగితాల్లో ఆగిపోదని కూడా చెప్పారు. ఒక ట్రస్టు సాయంత్రం పూట నడిచే దవాఖాన పెట్టడానికి సిద్ధంగా ఉంది. అవసరం ఎక్కువని సర్వే ఎక్కడ చూపిస్తే అక్కడ పెడుతుంది. సాయంత్రం అన్న మాటే మా బస్తీకి ముఖ్యం. పెద్దాసుపత్రిలో చీటీ రాసేది పొద్దున. ఆ వేళకు పగటి పాళీవాడు మగ్గం ముందు ఉంటాడు, రాత్రి పాళీవాడు అప్పుడే కన్ను మూస్తాడు.

పని పద్ధతి రెండు దశలు. మొదట లిస్టింగ్: ప్రతి తలుపు మీదా సుద్దతో నంబరు వేసి, లోపల ఎందరున్నారో రాసుకోవడం. తరువాత వాటిలోంచి కంప్యూటరు కొన్ని గదులను ఏరుతుంది. ఏరిన గది మా ట్యాబ్‌లో దాని తేదీ నాడే తెరుచుకుంటుంది. ముందుగా తెరవడానికి నాకే కాదు, నా పైనున్న సూపర్‌వైజరుకు కూడా అధికారం లేదు. తమకు నచ్చిన ఇళ్ళను నచ్చినప్పుడు అడిగి లెక్క పాడు చేయకుండా ఆ కట్టడి. మాట్లాడే రోజున గదిలో ఉంటున్నవాళ్ళే ఆ గది మనుషులు. వెళ్ళిపోయినవాళ్ళు లెక్కలోకి రారు.

లిస్టింగ్‌లోనే ఓదెలు గదికి వెళ్ళాను. ఓదెలు మా జిల్లావాడే, ఆ గదికి పెద్ద. వంట సరుకులు, అద్దె, తగాదాలు అన్నీ ఆయన చేతి మీదుగా నడుస్తాయి. ఆ గదుల్లో ఒక చాప ఇద్దరిది. పగటి పాళీవాడు లేచి వెళ్తే రాత్రి పాళీవాడు వచ్చి పడుకుంటాడు. చాపకు చల్లారే తీరిక ఉండదు. నేను వెళ్ళిన వేళ ఒక చాప మీద సత్తయ్య పడుకుని దగ్గుతున్నాడు. దాని రెండో హక్కుదారు గోడకు ఒరిగి కూర్చునే కునుకు తీస్తున్నాడు.

"ఏమైందిరా సత్తయ్యా" అని అడిగితే, "ఏం లేదు మల్లేశన్నా, సాంచా బంద్ అయితే నిద్ర పడుతలేదని నేనే చప్పుడు జేస్తున్న" అన్నాడు. నవ్వబోయి మళ్ళీ దగ్గాడు. తువ్వాలు మడిచి పక్కన పెట్టుకున్నాడు. మడత లోపల రక్తం మరక ఉందని నాకు అర్థమైంది.

చలికాలం నుంచే ఆ దగ్గు. పాళీ పోగొట్టుకోలేక మందుల దుకాణంలో గోళీలు కొనుక్కుని మింగుతూ వచ్చాడు. మర్నాడు నేనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. అక్కడి డాక్టరు బాగానే చూశాడు. క్షయ కావచ్చని, తెమడ పరీక్షకు మళ్ళీ రావాలని, తేలితే మందు ఉచితమని, కానీ నెలల తరబడి ఒకే చోట ఉండి మింగాలని చెప్పాడు. అన్నీ సరైన మాటలే. ఆ ఒకే చోటు అన్నది మాత్రం సత్తయ్యకు లేదు. ఉన్నది సగం చాప.

తిరిగి వచ్చేసరికి ఓదెలు నిర్ణయం చేసేశాడు. శనివారం ఊరికి పోయే ఒకతని వెంట సత్తయ్యను బండి ఎక్కించాలి. ఇది ఆయన కఠినత్వం కాదు, మా మగ్గాలవాళ్ళ రివాజు. మనిషి మంచాన పడే లక్షణం కనిపిస్తే, నడవగలిగినప్పుడే ఊరికి తోలతారు. కట్టుబట్టలు ఒక సంచిలో పెట్టి, దారికి రొట్టెలు చేసి, స్టేషన్ దాకా నలుగురు వెళ్ళి సాగనంపుతారు. చూసేవాళ్ళకు పెళ్ళికి పంపుతున్నట్టు ఉంటుంది.

అప్పటికే కంప్యూటరు సత్తయ్య గదిని ఏరింది. అది ట్యాబ్‌లో తెరుచుకునేది సోమవారం.

"ఓదెలన్నా, సోమవారం దాంక ఆపరాదే" అన్నాను.

"ఎందుకు?"

"ఈనె మా లెక్కల ఎక్కుతడు. ఈ గల్లీల ఎంత జబ్బున్నదో ఎరుకైతే ఈడ్నే దవాఖాన పెడ్తరు."

"నీ డబ్బాల ఎక్కితే దగ్గు తగ్గుతదా మల్లేశం?"

"సాయంత్రం దవాఖాన పెడ్తరే."

"పెట్టేదాంక ఈన ఉంటడా?" అన్నాడు ఓదెలు. తరువాత గోడకు ఒరిగినవాణ్ణి చూపించాడు. "వీనికి నిద్ర లేక వారమాయె. రేపు సాంచాల చెయ్యి పెడితే దానికి సుత నీ దవాఖానే జూస్తదా? ఈడ సత్తయ్య పోతే శవాన్ని తోలుకపోను బండి నేను యాడికెల్లి తేవాలె? పానం ఉన్నప్పుడైతే జనరల్ డబ్బ సాలు."

సత్తయ్యే కల్పించుకున్నాడు. "ఇద్దరు గింత కొట్లాడుతున్నరు, నేను పెండ్లిపిల్లనా ఏంది" అన్నాడు. ఆ తరువాత నా వైపు తిరిగి, మెల్లగా, "ఈడ్నే మందు దొరికితే ఉంటుంటినన్నా. ఊళ్ళె నాకెవరున్నరు" అన్నాడు. ఓదెలు బయటికి వెళ్ళి బీడీ ముట్టించాడు.

శుక్రవారం ఆల్థాన్‌లోని మా ఆఫీసుకు వెళ్ళాను. ఈ పరిశోధనకు పెద్ద ఒక డాక్టరు మేడం. మంచి మనిషి. నన్ను మల్లేశ్‌భాయ్ అనేది, కుర్చీ చూపించాకే మాట్లాడేది. గదిని రెండు రోజులు ముందు తెరవమని అడిగాను. జబ్బు పడ్డవాళ్ళను పడ్డట్టే ఊరికి తోలేస్తారని, మిగిలినవాళ్ళను అడిగితే అందరూ పహిల్వాన్లే అంటారని వివరించాను. ఆవిడ ఆశ్చర్యపోతుందనుకున్నాను. పోలేదు. ఈ సంగతి ఈ విద్యలో అందరికీ తెలిసిందేనని, దీనికి ఇంగ్లీషులో పేరు కూడా ఉందని, పుట్టిన చోటికి ఈదుకుంటూ తిరిగిపోయే ఏదో చేప పేరు మీద పెట్టారని చెప్పింది. ముందే తెలిసి నియమం అలా ఎందుకు పెట్టారని అడిగాను. వెళ్ళిపోయినవాళ్ళను వెతికి అడగడానికి మరో రాష్ట్రానికి మనుషులను పంపాలని, అందుకు మంజూరు కాలేదని, మధ్యలో ఒక్క గదికి నియమం మారిస్తే మొత్తం అధ్యయనమే చెల్లదంటారని చెప్పింది. ఆసుపత్రిలో తెలిసినవాళ్ళకు చీటీ రాసిచ్చింది. చీటీ ఉంది. పడుకోబెట్టే చోటు లేదు. నా ఇంట్లో పడుకోబెడదామంటే, మాది కూడా ఒకే గది. మనవరాలు అప్పుడే అడుగులు వేస్తోంది. ఆ మాట మా ఆవిడ అనకముందే నేను అనుకున్నాను.

శనివారం నలుగురితో పాటు నేనూ స్టేషన్‌కు వెళ్ళాను. జనరల్ డబ్బాలో కిటికీ పక్కన చోటు పట్టడానికి ఓదెలు లోపలున్నవాళ్ళతో గట్టిగానే పోట్లాడాడు. మేడం చీటీని సత్తయ్య చేతికిచ్చి, ఊరి దవాఖానలో చూపించమన్నాను. "గుజరాత్ చీటీ ఆడ నడుస్తదా అన్నా" అని అడిగాడు. నడుస్తుందన్నాను. నడుస్తుందో లేదో నాకు తెలియదు.

సోమవారం ఆ గది ట్యాబ్‌లో తెరుచుకుంది. సత్తయ్య చాప మీద ఓదెలు ఊరి నుంచి కొత్తగా దిగినవాడు కూర్చుని ఉన్నాడు. కండ పట్టిన మనిషి. ఈ మధ్య ఏమైనా జబ్బు చేసిందా అన్నది నియమం ప్రకారం అడిగే ప్రశ్న. లేదన్నాడు. గదిలో అందరూ లేదన్నారు. వాళ్ళు అబద్ధం చెప్పలేదు, నేను తప్పు ఎక్కించలేదు. చివర వ్యాఖ్యలకు ఉన్న జాగాలో సత్తయ్య సంగతి తెలుగులోనే టైపు చేశాను. ఆ జాగాలో రాసింది కంప్యూటరు లెక్కలో కలపదని నాకు తెలుసు.

వానలు వెళ్ళాక నివేదిక వచ్చింది. మా బస్తీ కంటే ఆల్థాన్‌లో జబ్బు ఎక్కువగా తేలింది. తేలదా మరి. అక్కడ ఇంట్లోనే బీపీ మిషను ఉంటుంది, మోకాలికి ఒక డాక్టరు, కంటికి ఒక డాక్టరు ఉంటారు, తలుపు తీసి కూర్చోబెట్టి మరీ చెబుతారు. మా గల్లీ ఆరోగ్యంగా ఉందని రంగుల బొమ్మలో ఆకుపచ్చగా కనిపించింది. వెళ్ళిపోయినవారి సంగతి మేడం పేజీ అడుగున చిన్న అక్షరాల్లో నిజాయితీగానే రాసింది. ట్రస్టువాళ్ళు బొమ్మ చూశారు. సాయంత్రం దవాఖాన ఆల్థాన్ వైపు వెళ్ళింది. దాని ముందు కార్లు ఆపుకోవడానికి కూడా చోటుంది.

ఆ చలికాలం టీ బండి దగ్గర ఓదెలు కనిపించాడు. సత్తయ్య పోయాడని చెప్పాడు. ఊళ్ళో మందు మొదలుపెట్టారట, అప్పటికే ఆలస్యమైందట.

"జెర నయం, ఈడ పోలె" అన్నాడు. గ్లాసు బండి మీద పెట్టి, "నువ్వన్నట్టు సోమవారం దాంక ఆపితే ఏమన్న అయితుండెనా?" అని అడిగాడు.

"లెక్క అయితుండె" అన్నాను.

కిందటేడు మోకాళ్ళు మొరాయించి మానుకునే దాకా అదే ఉద్యోగం చేశాను. జబ్బు ఎంతుందో తెలియాలంటే గదిలో ఉన్నవాణ్ణి అడిగితే చాలదని ఆ పనిలో నేర్చుకున్నాను. అందుకని తరువాతి సర్వేలన్నింటిలో, ట్యాబ్ తెరవకముందే ఒక ప్రశ్న నా సొంతంగా అడిగేవాణ్ణి: ఈ చాప మీద నీకంటే ముందు ఎవరు పడుకునేవారు? ప్రతిసారీ ఒక పేరు చెప్పేవారు. ఊరికి పోయిండనేవారు. ఆ తరువాత ట్యాబ్ తెరిచి, ఉన్నవాళ్ళ ఆరోగ్యం ఎక్కించుకునేవాణ్ణి.