నాలుగో నంబరు మిషను

చిక్కడపల్లి చౌరస్తా పక్క గల్లీలో, స్టీలు సామాన్ల దుకాణం మీద మా టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. కింద గిన్నెల మోత, పైన మిషన్ల మోత. తొంభైలలో ఏడేళ్ళపాటు అక్కడ టైపు నేర్పాను. ఇప్పుడు నాకు ఎడమ చెవి సరిగ్గా వినపడదు. దానికీ దీనికీ సంబంధం లేదని డాక్టరు అంటాడు. ఆయన ఒక్క గంట ఆ గదిలో కూర్చుని ఉంటే అలా అనేవాడు కాదు.

నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు చిన్నపిల్లలు కారు. పల్లెల నుంచి వచ్చి, అశోక్ నగర్ హాస్టళ్ళలో ఉంటూ, పగలంతా లైబ్రరీలో సర్కారు నౌకరీ పరీక్షలకు చదివి, సాయంత్రం ఒక గంట టైపుకు వచ్చేవాళ్ళు కొందరు. ఉద్యోగంలో చేరాక టైపు పాసవ్వాల్సిన అవసరం పడ్డ పెద్దవాళ్ళు కొందరు. క్లాసులో నేను గయ్యాళిని. వేళ్ళ వైపు చూస్తూ కొడితే స్కేలుతో బల్ల మీద బాదేదాన్ని. నలభై దాటినవాళ్ళు కూడా ఉలిక్కిపడి తలెత్తేవాళ్ళు. వాళ్ళ వయసుకు మర్యాద ఇవ్వాలన్న బుద్ధి నాకు అప్పట్లో ఉండేది కాదు.

తర్వాత నేను అక్కా అని పిలిచిన మనిషి చేరిన రోజు, ఆమెను కూడా అలాగే బాదాను, అంటే బల్లని. నాకు ముప్పై రెండు, ఆమెకు ముప్పై ఎనిమిది. క్లాసు అయ్యేదాకా "అట్లనే మేడం, చూస్త మేడం" అని తలవంచుకుని కొట్టింది. ఏడింటికి తాళం వేసి మెట్లు దిగానో లేదో, కింద నిలబడి ఉంది.

"మీద నువ్వు మేడంవి. మెట్లు దిగినంక నాకు చెల్లెవు," అంది. "మొఖం గట్ల మాడ్చుకోకు. నడువు, మిర్చి తిందాం."

నాతో అలా మాట్లాడినవాళ్ళు అప్పటిదాకా లేరు. నాకు సొంత అక్క ఒకతె ఉంది. ఆమెతో ముక్తసరిగా మాట్లాడటం తప్ప నాకు చేతకాలేదు. ఈమెతో మాత్రం మొదటి రోజే బండి దగ్గర నిలబడి, ముక్కు కారుతున్నా తుడుచుకోకుండా, రెండు ప్లేట్లు తిన్నాను.

ఆమె భర్త ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేస్తూ, ఒకరోజు సీట్లోనే గుండె ఆగి పోయాడు. ఆయన బదులు ఆమెకు అదే ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం ఇచ్చారు, ఒక షరతు మీద. గడువు లోపల టైపులో మొదటి మెట్టు, లోయరు పరీక్ష, పాసు కావాలి. కాకపోతే అటెండరుగా దించుతారు. జీతం తగ్గుతుందన్న దిగులు ఆమె ఎప్పుడూ పైకి అనలేదు. ఆమె భయం వేరు.

"గా మనుషులే ఆయన్ని సార్ అని పిలిచిండ్రు చెల్లె," అంది ఒకసారి. "రేపు వాళ్ళే బెల్లు గొట్టి నన్ను పిలుస్తరు. ఆ టేబుళ్ళ నడుమ చాయ్ పట్టుకోని నేనెట్ల తిరగాలె?"

పాసవుతావు అన్నాను.

సాయంత్రాలు హాస్టలు వాళ్ళూ, అక్కా, నేనూ కలిసి అశోక్ నగర్ దాకా నడిచేవాళ్ళం. నా గది అక్కడే, ఆమె గది పక్క గల్లీలో. నడుస్తున్నంతసేపూ ఆమె వేళ్ళు చేతిసంచి మీద ఆడుతూ ఉండేవి. కనపడిన ప్రతి బోర్డునీ టైపు చేసేది. "అక్కా, మందుల దుకాణం అయిపోయింది, బ్యాంకు వచ్చింది, జల్ది కొట్టు," అని హాస్టలు వాళ్ళు ఆటపట్టించేవాళ్ళు. ఆదివారం అందరూ నా గదికి వచ్చేవాళ్ళు. అక్క సర్వపిండి కాల్చి పట్టుకొచ్చేది. మిగతా ఆరు రోజులు ఆ గదిలో నా మాట నాకే వినపడేది కాదు, మాట్లాడటానికి ఎవరూ లేక. ఆదివారం కోసం నేను శనివారం నుంచే ఎదురుచూసేదాన్నని వాళ్ళకు తెలియనివ్వలేదు. వచ్చినవాళ్ళను "చెప్పులు వరసగా పెట్టండి" అని కసిరేదాన్ని.

ఇప్పుడు మిషను సంగతి చెప్పాలి. నాలుగో నంబరు మిషను మా దగ్గర అన్నిటికన్నా పాతది. కొత్తగా చేరినవాళ్ళకే దాన్ని అంటగట్టేవాళ్ళం. స్పేస్ బార్‌ని గట్టిగా గుద్దితే తప్ప కదలదు, కింది వరస అక్షరాలు మొరాయిస్తాయి. నెల తిరిగేసరికి అందరూ వేరే మిషనుకు మారిపోయేవాళ్ళు. అక్క మారలేదు. "ఇది నా మాట ఇంటది," అనేది. ఆమె గుద్దుడికి కింద గిన్నెలు కదులుతున్నాయని దుకాణం ఆయన పైకి కబురు పంపేవాడు. పన్నెండు మిషన్ల చప్పుడులోనూ నేను అటు తిరగకుండానే ఆమె కొడుతోందని చెప్పగలిగేదాన్ని.

మొదటిసారి పరీక్షకు ఆమెతోపాటు నాలుగో నంబరే వెళ్ళింది. మా దగ్గర పద్ధతి అదే. ఎవరు ఏ మిషను మీద నేర్చుకుంటే పరీక్ష పొద్దున అదే మిషను తోపుడు బండి మీద సెంటరుకు వెళ్ళాలి. పది నిమిషాల స్పీడు పేపరు మధ్యలో రెండు అక్షరాలు పెనవేసుకుని ఇరుక్కుపోయాయి. విడదీసుకునేసరికి నిమిషం పోయింది, దానితో పరీక్ష పోయింది. ఆరు నెలల తర్వాత ఇంకొక్క అవకాశం మిగిలింది. అది దాటితే గడువు కూడా దాటిపోతుంది.

ఆ ఆరు నెలలూ నేను ఆ పాత మిషను మీద పగబట్టాను. మా యజమాని అప్పుడే ఒక కొత్త మిషను కొన్నాడు. పై పరీక్షవాళ్ళకు తప్ప ఎవరికీ ఇవ్వడు, దాని మీద రోజూ కప్పే గుడ్డ కూడా తానే ఉతికించేవాడు. ఆయన చుట్టూ వారం తిరిగాను. మొదట నవ్వాడు, తర్వాత విసుక్కున్నాడు, చివరికి పరీక్ష ఒక్క పూటకు తీసుకెళ్ళమన్నాడు. నాకు కాలు నేల మీద ఆగలేదు. అక్కకు ముందుగా చెప్పలేదు. సెంటర్లో చూసి మురిసిపోవాలని నా ముచ్చట.

పరీక్ష నారాయణగూడలో ఒక కాలేజీలో. ఎనిమిదిన్నరకే మిషన్లు చేర్చాం, పరీక్ష పదింటికి. కొత్త మిషనును ఆమె బల్ల మీద పెట్టి, దారిలో పడ్డ దుమ్మును నా కొంగుతో తుడుస్తున్నాను. అక్క వచ్చి చూసింది.

"నాలుగో నంబర్ రాలేదా?" అంది.

"దానికి సెలవిచ్చిన," అన్నాను. "ఈసారి రాణి లెక్క కూసోని కొట్టు."

ఆమె కొంచెంసేపు మిషను వంకే చూసింది. తర్వాత నా వంక చూసి నవ్వింది. "మంచిగున్నది చెల్లె," అంది.

గంట కొట్టారు. మమ్మల్ని బయటికి పంపారు. నేను వరండాలో గోడకు ఆనుకుని నిలబడి విన్నాను. నలభై మిషన్లు ఒక్కసారిగా మొదలయ్యాయి. అందులో ఆమె చప్పుడు కోసం వెతికాను. దొరకలేదు. చేసిన పని ఏమిటో అప్పుడు అర్థమైంది. కొత్త మిషను మీద వేలు ఆనితే చాలు, అక్షరం పడుతుంది. ఏడాదిన్నరగా గుద్దడానికి అలవాటుపడ్డ చేతులవి. ఒక్క స్పేసు కొట్టబోతే రెండు పడతాయి, ఒక్క అక్షరం కొట్టబోతే పక్కది కూడా లేస్తుంది. నేర్చుకున్న మిషను మీదే పరీక్ష రాయాలని ఏళ్ళ తరబడి అందరికీ చెప్పిన మనిషిని నేనే. ఆమె విషయంలో ఆ మాట నాకే గుర్తు రాలేదు.

ఆమె బయటికి వచ్చి, "చేతులే సతాయించినయ్," అంది. అంతే. ఫలితాల్లో ఆమె నంబరు లేదు. నెల తిరగకముందే అటెండరుగా వేశారు.

ఆమె ఇక క్లాసుకు రావాల్సిన పని లేదు. ఆదివారాలు రెండు మూడు సార్లు వచ్చింది. ఆమె ఎదురుగా నేను సర్వపిండిని ముక్కలుగా తుంచుతూ కూర్చునేదాన్ని. తప్పు నాదని మాత్రం చెప్పలేదు. తలనొప్పి అని ఒకసారి, ఊరెళ్తున్నానని ఒకసారి తప్పించుకున్నాను. ఆమె రావడం మానేసింది. కొన్నాళ్ళకు బాగ్ లింగంపల్లి వైపు గది మారిందని హాస్టలు వాళ్ళు చెప్పారు. మెల్లగా వాళ్ళూ ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు.

రెండేళ్ళు గడిచాయి. గల్లీకో కంప్యూటర్ సెంటరు వచ్చింది. మా యజమాని ఇన్‌స్టిట్యూట్ మూసేస్తున్నానని చెప్పి, మిషన్లన్నీ అమ్మకానికి పెట్టాడు. ఆ మర్నాడు నేను అక్క ఆఫీసుకు వెళ్ళాను. పై అంతస్తు వరండాలో, తలుపు పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి, ఆ స్టూలు నాకిచ్చి, ఫ్లాస్కులోంచి చాయ్ పోసింది. ఎందుకు రాలేదని అడగలేదు.

"నాలుగో నంబర్ అమ్మేస్తున్నరు," అన్నాను. "నీకు కావాల్నంటే ఆపుతా."

"పెట్టేటందుకు జాగ ఏడున్నది చెల్లె. ఉన్నా నేనేం జేస్కోవాలె?"

అప్పుడు చెప్పేశాను. ఆ రోజు నిన్ను ముంచింది నేనే అన్నాను.

"నాకెరికే," అంది అక్క.

"ఎప్పటిసంది?"

"గా పొద్దుగాలనే. కొత్తదాన్ని చూడంగనే తెలిసింది, దాని మీద నా చెయ్యి ఆగదని. నాలుగో నంబర్ తెప్పియ్యమని అడుగుదామనుకున్న. బండి పోయి తెచ్చేటంత టైము కూడా ఉండె."

"మరెందుకు అడగలే?"

"నువ్వు కొంగుతోని తుడుస్తున్నవ్ కదా. అంత ముచ్చటగ తెస్తివి. ఎట్ల అడగాలె చెప్పు?"

లోపల బెల్లు మోగింది. ఆమె మాట అక్కడే ఆపి లోపలికి వెళ్ళింది. తెరిచిన తలుపులోంచి చూశాను. టేబుళ్ళ మధ్య తిరుగుతూ, ఎవరి మొహమూ చూడకుండా ఖాళీ కప్పులు ట్రేలో పెట్టుకుంటోంది. తిరిగి వచ్చి నా కప్పు కోసం చెయ్యి చాపింది. నేను కడుక్కుంటానని గట్టిగా పట్టుకున్నాను.

"ఇటియ్యి," అంది మెల్లగా. "ఇక్కడ నేను అటెండర్ని. గేటు దాటినంక నువ్వు నాకు చెల్లెవు."

నా కప్పును కూడా మిగతా వాటి పక్కన పెట్టుకుని వెళ్ళింది. నేను కిందికి దిగి, ఐదింటిదాకా గేటు బయట నిలబడ్డాను.