తలుపు దగ్గర తువ్వాలు

మీరు రాయని వాక్యం, మీరే తయారుచేసిన చిన్న ప్రోగ్రాములో, మీకు తెలియని పిలుపుతో తెర మీదికి వస్తే, దాన్ని ఎవరు రాశారని చెబుతారు?

నేను దయ్యాలను నమ్మను. కాలేజీ డిబేట్లలో మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా ఎన్నోసార్లు నిలబడి మాట్లాడాను. ఎవరేం చెప్పినా ఆధారం అడగడం నా అలవాటు. ఈ విషయంలో ఆధారం కోసం నేను వెతకని చోటు లేదు. అందుకే దీన్ని వాదనగా కాక, జరిగింది జరిగినట్టుగా మీ ముందు పెడుతున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన తొలిరోజులవి. చదువు ముగించి, గుంటూరు శివార్లలో మిర్చి బస్తాలు నిల్వచేసే ఒక కోల్డ్ స్టోరేజీలో పనికి కుదిరాను. ఏ రైతు బస్తాలు ఏ గదిలో ఉన్నాయో చెప్పే ప్రోగ్రాం అక్కడ అప్పటికే నడుస్తోంది. అది ఇచ్చే సహాయమంతా ఇంగ్లీషులో, అందరికీ ఒకేలా ఉండేది. దాన్ని చదివేవాళ్ళే లేరు. ప్రోగ్రామును కదపకుండా, తెలుగులో సహాయం చెప్పే చిన్న ప్రోగ్రాము రాసి దానికి జోడించడం నాకు అప్పగించిన పని.

అందరికీ ఒకే సలహా ఇవ్వడం న్యాయం కాదని నా అభిప్రాయం. ఒకరు తడబడే చోట ఇంకొకరు తడబడరు. అందుకని ఒక్కొక్కరి పక్కన కూర్చుని, ఎక్కడ ఆగుతున్నారో గమనించి, వారి పేరుతో వారికి పనికొచ్చే మాట రాశాను. ఆఫీసులో పనిచేసే మస్తాన్‌బీ, గది మూసినట్టు నమోదు చేసేటప్పుడు నంబరు మార్చడం మరిచిపోయేది. ఆమె ఆ మీట నొక్కగానే "మస్తాన్‌బీ గారూ, గది నంబరు సరిచూశారా?" అని తెర మీద కనిపించేలా చేశాను.

అది చూసి ఆమె నవ్వింది. "నన్ను గారూ అనేది ఈ డబ్బా ఒక్కటే తమ్ముడూ" అంది.

ఎండలు ముదురుతున్న రోజుల్లో, ఒక శనివారం సాయంత్రం. బస్తాలు లోపల పేర్చడం పూర్తయింది. మస్తాన్‌బీ కంప్యూటరులో గది మూసినట్టు నమోదు చేసి గంట కొడితే, గేటు మనిషి తలుపుకు గడియ వేసి దీపాలు ఆర్పాలి. గడియ, దీపాల స్విచ్చి రెండూ బయటే ఉంటాయి. ఆ వేళ మూశారంటే మళ్ళీ సోమవారమే తెరవడం.

నేను ఆమె వెనకే నిలబడి ఉన్నాను. ఆమె మీట నొక్కింది. తెర మీద నేను చేసిన సలహా పెట్టే తెరుచుకుంది. అదే రంగు, అవే అక్షరాలు. మాటలు మాత్రం నావి కావు.

"మస్తానమ్మా, తలుపు కాడ తువ్వాలు చూశావా?"

నాకేమీ అర్థం కాలేదు. మస్తాన్‌బీ మాత్రం గంట మీదికి చాచిన చేతిని వెనక్కి తీసుకుని, కుర్చీ తోసి గది తలుపు వైపు పరుగెత్తింది. నేనూ వెనకే వెళ్ళాను.

గడియకు తువ్వాలేమీ లేదు. ఆమె వంగి అటూ ఇటూ వెతికింది. గోడ వారన పడేసిన ఖాళీ గోతాల వెనక ఎర్రగళ్ళ తువ్వాలు దొరికింది. అది బస్తాలు మోసే సాంబయ్యదని గుర్తుపట్టి, లోపలికి పేరు పెట్టి కేకలు వేసింది. బదులు లేదు. గేటు మనిషీ నేనూ లోపలికి పరుగెత్తాం.

బస్తాల వరసల మధ్య సాంబయ్య పడి ఉన్నాడు. వ్యాపారికి మచ్చు చూపించడానికి నాలుగు కాయలు తెద్దామని ఒక్కడే వెళ్ళి, కళ్ళు తిరిగి కూలిపోయాడు. ఒళ్ళు చల్లబడింది, ఊపిరి మాత్రం ఆడుతోంది. బయటి వేడిగాలిలోకి మోసుకొచ్చి, గోతాలు కప్పి, అరికాళ్ళు రుద్దాం. డాక్టరు వచ్చి ప్రాణభయం లేదన్నాక అందరం కింద చతికిలబడ్డాం.

తేరుకున్నాక టీ ఇస్తే, ఒక గుక్క తాగి పంచదార తక్కువైందన్నాడు సాంబయ్య.

"సోమారం దాకా లోపలే ఉంటే ఐసు కూడా దొరికేది, తాగు" అని కసిరి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది మస్తాన్‌బీ.

గదిలోకి ఎవరు వెళ్ళినా గడియకు తువ్వాలు కట్టి వెళ్తారట. అది కనబడితే తలుపు మూయరు. ఆ రోజు ముడి జారిపోయింది. ఈ పద్ధతి ఉందని అప్పటివరకూ నాకు ఎవరూ చెప్పలేదు. నేను దాన్ని రాసే అవకాశమే లేదు.

ఆ పిలుపు సంగతి ఆమెను అడిగాను.

"మస్తానమ్మా అని పిలిచేది కోటయ్య బాబాయి ఒక్కడే. పాత గేటు మనిషి. నువ్వు రాకముందే పోయాడు. రోజూ తలుపు మూయబోతా ఇదే అడిగేవాడు" అంది.

నేను రాసిన ప్రతి మాటనూ తిరిగి చదివాను. ఆ వాక్యం ఎక్కడా లేదు. ఆ కంప్యూటరుకు బయటి సంబంధం లేదు. నా మాటలు మార్చాలంటే కావలసిన పాస్‌వర్డు ఇంకెవరికీ తెలియదు. ఎవరో ఆకతాయిగా చేశారనుకుంటే, ఆ వేళకు ముడి జారుతుందని వారికెలా తెలుసు? నా కళ్ళు నన్ను మోసగించాయనుకుంటే, ఆమె కళ్ళు కూడా అదే క్షణంలో మోసగించాయా? మస్తాన్‌బీ మళ్ళీ ఎన్నిసార్లు మీట నొక్కినా గది నంబరు గురించిన ప్రశ్నే వచ్చింది.

ఎదుటి పక్షం నన్ను నిలదీస్తే ఈ రోజుకీ ఓడిపోయేది నేనే. విచిత్రమేమిటంటే, అందుకు బాధ లేదు. సాంబయ్య మరుసటి వారం పనిలోకి వచ్చాడు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ గుండె తేలికపడుతుంది. ఆ తర్వాత ఆ వాక్యాన్ని నా చేతులతో నేనే అందరి పేర్ల కిందా చేర్చాను. మస్తాన్‌బీ మాత్రం తన పేరు దగ్గర గారూ తీసేసి, మస్తానమ్మా అనే ఉంచమంది.

మీలో ప్రోగ్రాములు రాసేవారుంటే, తలుపు మూసే చోట ఈ ఒక్క ప్రశ్న చేర్చండి. కోల్డ్ స్టోరేజీల్లో పనిచేసేవారుంటే కంప్యూటరు అడిగేదాకా ఆగకండి. తువ్వాలు కనబడలేదని ఊరుకోకండి. పేరు పెట్టి పిలవండి. లోపలికి వెళ్ళి, ఎవరూ లేరని కళ్ళారా చూశాకే గడియ వేయండి.