శేఠ్ కట్ట, సారక్క మాట

సూరత్ దగ్గర కామ్‌రేజ్ దాటాక ఒక శేఠ్ వాగుకు అడ్డంగా మట్టికట్ట పోయించి, ఆగిన నీళ్లలో బాతు బొమ్మల పడవలు వదిలాడు. ఆదివారాలు అతని చుట్టాలొచ్చి, ఈదులాడి, తిని పోయేవారు. కట్టకు కాపలా లింగమూర్తి. ఎలుక బొక్కలు పూడ్చాలి, తుమ్మ మొలకలు పీకాలి, తూము చూసుకోవాలి. సోకు శేఠ్‌ది, బురద లింగమూర్తిది.

అంతకుముందు వయసంతా సూరత్‌లో సాంచెలు నడిపాడు. ఆ మరమగ్గాల మోతకు చెవులు పోయాయి. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టేవాడు. కరోనా వచ్చి అందరి మూతులూ మూసేసరికి లోకం అతనికి మూగబోయింది. ఇంట్లో భార్య సారక్క ముఖం ఉంది కాబట్టి బతికిపోయాడు.

రెండో ఏడు ఎండాకాలం ఆ జబ్బు సారక్కనే పట్టుకుంది. ఆస్పత్రిలో కోడలు సంతోషితో మంచం దగ్గరికి వెళ్లి, ఆమె తనను గుర్తుపట్టాలని మూతి మీది దస్తీ కిందికి లాగాడు. ఆక్సిజన్ మాస్కు నిండా ఆవిరి. సారక్క పెదాలు కదిలాయి. అతనికి చిక్కింది ఒక్కటే, ‘కట్ట’. తెల్లారేసరికి ఆమె లేదు.

ఏటా ఆ కట్ట మీదే బతుకమ్మ ఆడి, పూలు ఆ నీళ్లలోనే వదిలేది సారక్క. తననూ అక్కడే కలపమందని లింగమూర్తికి అర్థమైంది. చెబితే కొడుకూ కోడలూ తాపీ నదిలో కలుపుదామంటారని ఇంట్లో నోరు విప్పలేదు. శేఠ్‌ను అడిగాడు. శేఠ్ చెయ్యి అడ్డంగా ఊపాడు. ఆ జవాబుకు పెదాలు చూడనక్కర్లేకపోయింది.

అయినా ఒకరోజు పొద్దున్నే బూడిద కలిపేశాడు. శేఠ్ మేనేజర్ చూడనే చూశాడు. నీళ్లు మైలపడ్డాయని తూము తీయించారు, అదీ లింగమూర్తి చేతనే. పాపం, ఏ మనిషికీ రాకూడదు ఆ పని! సారక్క కలిసిన నీళ్లు వాగులోకి పోతుంటే చూస్తూ నిలబడ్డాడు. మధ్యాహ్నానికి అతని సామాను గేటు బయట ఉంది.

సంతోషి ఆటోలో వచ్చి ఏదో అడిగింది. అర్థం కాలేదని సైగ చేశాడు. ఆమె మాస్కు దించింది.

“ఏంది మామా, గిట్ల జేసినవ్?”

“మీ అత్తమ్మనే అడిగింది బిడ్డా. కట్ట అన్నది.”

“కట్ట అనలే మామా. నువ్వు దస్తీ గుంజినవ్ గద? కట్టుకో, మూతికి కట్టుకో అన్నది.”

మళ్లీ చెప్పమన్నాడు. సంతోషి మెల్లగా చెప్పింది. ఈసారి మాట మొత్తం కనిపించింది.

లింగమూర్తికి ఏడుపు తన్నుకొచ్చింది. మెడలో వేలాడుతున్న దస్తీ పైకి లాగి, మూతికి గట్టిగా కట్టుకున్నాడు.