కూర్చుంటే నొప్పి, నిలబడితే లేదు

ఆ పొద్దున కబ్బన్‌పేటలో మా గుంట మగ్గంలోకి కాళ్లు దించి పలక మీద కూర్చోగానే, ఎడమ పిరుదు కింద నిప్పు తగిలినట్టయింది. లేచి నిలబడితే నొప్పి లేదు.

సెగ్గడ్డ అనుకుని ఉల్లిగడ్డ కాల్చి కట్టాను. కుడివైపుకు ఒరిగి నేశాను. కొన్నాళ్లకు కుడివైపూ మొదలైంది. అన్నం కూడా నిలబడే తిన్నాను.

"నిలబడి తినేది గుర్రాలత్తా. ఆస్పత్రికి పోదాం పా" అంది కోడలు సుబ్బమ్మ.

"గుర్రానికైతే ఉలవలు పెడతారు. నువ్వు సంగటేగా పెట్టేది" అన్నాను.

జట్కా పిలవబోయింది. కూర్చోలేనిదానికి జట్కా దేనికని నడిచే పోయాను.

డాక్టరు పక్కకు పడుకోబెట్టి, మోకాళ్లు ముడిపించి, బొటనవేలితో నొక్కాడు. ప్రాణం పోయినట్టయింది. ఎక్స్‌రే తీయించి చూపించాడు.

"తొంటి ఎముక అడుగున ఈ బుడిపె ఉండాదే, ఇది ఇస్కియల్ ట్యూబరాసిటీ. కూర్చుంటే ఒంటి బరువంతా దీనిమీదే. నిలబడినప్పుడు కండ దీన్ని కప్పుతుంది. కూర్చుంటే పక్కకు జరుగుతుంది. అక్కడుండే నీటి తిత్తి, బర్సా, వాచిందమ్మా. ఎముక బాగుండాది."

"మగ్గం వదిలేయాల్నా?"

"వాపు తగ్గేదాకా కూర్చోవద్దు. తర్వాత మెత్త వేసుకో."

బోర్లా పడుకున్నాను, ఉడుకునీళ్ల కాపడం పెట్టించుకున్నాను. వాపు తగ్గింది. పలక మీద బొంత మడిచి వేసి కూర్చున్నాను. ఎత్తు పెరిగింది, తొక్కుడు చెక్కలకు పాదం పూర్తిగా అందలేదు. పడుగు సరిగా విచ్చుకోక, మధ్యలో అటూ ఇటూ పోయే నాడె తగిలి పోగులు తెగాయి. యుద్ధం వల్ల నూలు దొరకని రోజులవి.

"ఇంక నేను నేస్తాలే అత్తా. నువ్వు కండెలు చుట్టు" అంది సుబ్బమ్మ.

కండెలు చుట్టడానికి నేను ఒప్పుకోలేదు. బొంత తీసేసి కూర్చున్నాను. సాయంత్రానికి మంట మళ్లీ వచ్చింది.

మళ్లీ పడుకోవలసి వచ్చింది. అప్పుడే తోచింది. పలక కిందున్న మట్టిగట్టును బొంత మందం మేర చెక్కమని కొడుకుతో చెప్పాను. మా ఇంట్లో మగ్గం మీద పడుగు ఉండగా గుంటను ముట్టరు.

"పడుగు దిగినాక చూద్దాంలేమ్మా" అన్నాడు.

"నొప్పి గుంటకు లేదప్పా, నాకుండాది. తవ్వు."

తవ్వాడు. పాదాలు అందాయి. ఆ పడుగును నేనే ముగించాను. ఈరోజుకూ నేనే నేస్తున్నాను, నడుమ నడుమ లేచి నిలబడుతూ.

కూర్చుని పనిచేసేవాళ్లకు చెప్పేది ఒకటే. మెత్త వేసుకుంటే, దాని మందం మేర పీటను కిందికి దించుకోండి. పక్కకు ఒరిగి మాత్రం పని సాగించవద్దు, రెండో ఎముక కూడా మీదే.