సిపాయిలకు రాజు రాయించిన ఉత్తరం

అరబ్బు దేశంలో, హిద్ రేవులో ఓడల ట్యాంకుల్లోకి దిగి తుప్పు గీకడం నా పని. మనిషి పట్టేంత రంధ్రంలోంచి దిగుతాం, డ్యూటీ అయ్యాక అందులోంచే పైకి వస్తాం. పైకి వచ్చినా పెద్ద తేడా ఏమీ ఉండదు. నువైద్రాత్ క్యాంపులో గదికి ఎనిమిది మందిమి, పాస్‌పోర్టులేమో వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ దగ్గర. తొమ్మిదేళ్ళు ఇలాగే గడిచాక ఆఫీసువాళ్ళు కొత్త కాంట్రాక్టు చేతిలో పెట్టారు. ఆదివారంలోగా సంతకం పెడితే ఇంకో రెండేళ్ళు, లేకపోతే ఇంటికి టికెట్. ఇంటికి పోవాలని ప్రాణం కొట్టుకుంటోంది, పోయి ఎలా బతకాలో తెలియడం లేదు.

ఊళ్ళో చెరువు కింద భూమి మాదని మేమంటాం, తమదని పక్కవాళ్ళంటారు. మా ముత్తాత తండ్రి యుద్ధంలో పోరాడినందుకు ఆ భూమిని ఇనాంగా ఇస్తూ సంస్థానం రాజు రాయించిన ఉత్తరం ఇంట్లో ఉంది. ఫార్సీలో ఉండటంతో దాన్ని మాలో ఎవరూ చదవలేదు, గొప్పలు మాత్రం అందరూ చెప్పుకున్నారు. అన్న దాన్ని ఫోటో తీసి పంపి ఫోన్ చేశాడు.

"ఎవరితోనన్న చదివిపియ్యి తమ్మీ. మనోళ్ళ పేరు అండ్ల ఉంటే సాలు, భూమి మనకే రాస్తనన్నడు తహసీల్దారు. నువ్వు సంతకం పెట్టకు, వచ్చెయ్."

శుక్రవారం నయీమ్ బజారులో ఒక దర్జీ దగ్గరికి వెళ్ళాను. పెషావర్ ముసలాయన, ఫార్సీ వచ్చు. ఫోటో పెద్దది చేసుకుని ఒక్కో వాక్యం నాకు హిందీలో చెప్పాడు. శత్రువు మీద పడ్డప్పుడు కోట గోడ దగ్గర కదలకుండా నిలబడ్డ సిపాయిల సేవకు రాజు సంతోషించాడట. చెరువు కింద భూమిని వాళ్ళూ, వాళ్ళ కొడుకులూ, మనవలూ అనుభవించాలట. నాకు నవ్వొచ్చింది. కదలకుండా ఉన్నందుకే భూమి ఇస్తే నాకు ఈపాటికి ఒక ఊరే రాసివ్వాలి. మనసులో మాత్రం అప్పుడే సామాన్ సర్దుకుంటున్నాను.

"ఇక సిపాయిల పేర్లు," అని ఆయన ఆగి, కళ్ళజోడు తుడుచుకున్నాడు. "భాయ్, ఈ ఎర్రటిదేమిటి?"

దసరా నాడు కత్తితో పాటు ఆ ఉత్తరాన్నీ పీట మీద పెట్టి, పసుపు నీళ్ళు చల్లి, కుంకుమ బొట్టు పెట్టడం మా ఇంటి ఆచారం. మొదటి బొట్టు అడుగున ఎవరు పెట్టారో గానీ, తర్వాత వాళ్ళందరూ భక్తిగా అక్కడే పెట్టారు. ఇక్కడికి వచ్చే ముందు నేనూ పెట్టాను. ఆ తడికి అక్కడి సిరా అంతా చెదిరిపోయింది.

"రాజు పేరు చక్కగా ఉంది. సిపాయిల పేర్లే పోయాయి," అన్నాడు ముసలాయన, తప్పు తనదైనట్టు.

బయటికొచ్చి అన్నకు చెప్పాను. మా పెద్దల మీదా, నా వేలి మీదా పట్టలేనంత కోపంగా ఉంది.

"దేవుని లెక్క మొక్కినం గద తమ్మీ," అన్నాడు. తర్వాత మెల్లగా, "అయితే ఆ సంతకం పెట్టు."

ఆదివారం ఆఫీసులో గుమస్తా కాంట్రాక్టు ముందుకు జరిపి, అడుగున ఖాళీ చోటు చూపించాడు. పేరు స్పష్టంగా ఉండాలన్నాడు. ఒక్కో అక్షరం విడివిడిగా రాసి, సిరా ఆరేదాకా చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను.